డౌన్‌టెంపో అంతా ఒకేలా వినిపిస్తోందా? ముందు బేస్ పట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటారు. ఆఫీసు పని చేసుకుంటూ యూట్యూబ్‌లో గంటల కొద్దీ లోఫై బీట్స్ పెట్టుకుంటారు. అది దాటి డౌన్‌టెంపో, అంటే నింపాది దరువుతో నడిచే సంగీతం, వినమని ఎవరో బొనోబో, పోర్టిస్‌హెడ్ పేర్లు చెప్పారు. విన్నారు. "బాగానే ఉంది గానీ, పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుండగానే అయిపోయింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. లోపం నా చెవిలో ఉందా, హెడ్‌ఫోన్స్‌లో ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

మీ చెవికేం కాలేదు. హెడ్‌ఫోన్స్ సంగతి తర్వాత చూద్దాం. అసలు అడ్డు అలవాటు. ఊహ తెలిసినప్పటి నుంచీ మనం విన్నది సినిమా పాట. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో కాస్త వయొలిన్లు. గొంతు పల్లకీలో కూర్చుంటుంది, మిగతా వాయిద్యాలు ఆ పల్లకీని మోస్తాయి. అందుకే ఏది పెట్టినా మన చెవి ముందు గొంతును వెతుక్కుంటుంది. ఈ సంగీతంలో ఇల్లు బేస్ గిటారుదీ (అడుగున మంద్రంగా మోగేది), డ్రమ్స్‌దీ. ట్రంపెట్టు, పియానో, ఆడగొంతు అన్నీ వచ్చిపోయే చుట్టాలు. మీరు చుట్టాల కోసం గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, ఇంటివాళ్ళు లోపల తమ పని తాము చేసుకుంటున్నారు.

ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ గుమ్మం దగ్గర చాలాకాలం నిలబడ్డవాణ్ణే. 2003లో గుంటూరు నుంచి బెంగళూరు వచ్చాను. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 2006 నుంచి దాదాపు పదేళ్ళు శనాదివారాలు ఇందిరానగర్, కోరమంగళ వైపు చిన్న చిన్న పబ్బుల్లో, కేఫుల్లో సంగీతం వేసేవాణ్ణి. అప్పట్లో ఇక్కడ పబ్బుల్లో డాన్స్ మీద ఆంక్షలుండేవి, రాత్రి పదకొండున్నరకల్లా షట్టర్ పడిపోయేది. జనం లేచి గంతులేస్తే ఓనర్‌కి టెన్షన్. అలాగని బోరు కొట్టి వాళ్ళు లేచి వెళ్ళిపోకూడదు కూడా. కుర్చీ వదలకుండా తల మాత్రం ఊపించే సంగీతం కావాలి. అలా అవసరం కొద్దీ నా చేతికొచ్చింది ఇది. (ఒక ఓనర్ మూడు నెలల డబ్బులు ఎగ్గొట్టాడు. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది మాత్రం ఎక్కడికీ పోలేదు.)

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన మొదటి పని. ఐజాక్ హేస్ అనే అమెరికన్ సోల్ గాయకుడు 1971లో బ్లాక్ మోజెస్ అనే ఆల్బమ్ చేశాడు. అందులో ఐక్స్ రాప్ టు అని ఒక చిన్న ట్రాక్ ఉంది. ముందు అది వినండి. అతను పాడడు, ఆడమనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంటాడు. మీరు ఆ మాటలు పట్టించుకోకండి. కింద బేస్ మెట్లు దిగుతున్నట్టు ఒక్కో స్వరం దిగి, మళ్ళీ పైకెళ్ళి, మళ్ళీ దిగుతుంటుంది. దాన్ని నోటితో హమ్ చెయ్యగలిగేదాకా రెండు మూడుసార్లు వినండి.

తర్వాత పోర్టిస్‌హెడ్ వాళ్ళ గ్లోరీ బాక్స్ పెట్టండి. 1994లో వచ్చిన డమ్మీ ఆల్బమ్‌లో చివరి పాట అది. అవే మెట్లు! ఐజాక్ హేస్ ట్రాక్ లోంచి ఆ ముక్కను కోసి, తిప్పి తిప్పి వాడారు. పైన బెత్ గిబ్బన్స్ గొంతు. వెంటనే ట్రికీ 1995లో చేసిన హెల్ ఈజ్ రౌండ్ ది కార్నర్ పెట్టండి. మళ్ళీ అవే మెట్లు. ఇతను మాత్రం పక్కింటివాళ్ళు నిద్రపోతున్నారన్నట్టు గుసగుసగా రాప్ చేస్తాడు. ఇద్దరిదీ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఊరే, పాటలకు మధ్య తేడా ఏడాది కూడా లేదు. ఒకే మెట్ల మీద ఆవిడ ఏడుస్తూ దిగుతుంది, ఇతను దొంగలా దిగుతాడు. ఈ మూడూ వరసగా వింటే పావుగంట కూడా పట్టదు. "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్న మాట ఆ తర్వాత కూడా మీకు నిజమనిపిస్తే నాకు రాయండి. నేను ఇంతవరకూ ఒక ఇరవైమందికి ఇలా వినిపించి ఉంటాను, మళ్ళీ ఆ మాట అన్నవాళ్ళు లేరు.

ఇలాంటి జోడీ ఇంకొకటుంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. బిల్లీ కోబమ్ అని జాజ్ డ్రమ్మర్. 1973లో స్పెక్ట్రమ్ అనే ఆల్బమ్ చేశాడు, అందులో స్ట్రేటస్ అని ఒక ట్రాక్. మొదట్లో రెండు మూడు నిమిషాలు ఏవేవో చప్పుళ్ళు వస్తాయి, విసుగొచ్చి ఆపెయ్యకండి. అవయ్యాక ఒక బేస్ లైన్ మొదలవుతుంది. అదే బేస్ మీద మాసివ్ అటాక్ వాళ్ళు 1991లో సేఫ్ ఫ్రమ్ హార్మ్ కట్టారు, బ్లూ లైన్స్ ఆల్బమ్‌లో మొదటి పాట. కోబమ్ అంతకుముందు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ గారి మహావిష్ణు ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఆ మెక్‌లాఫ్లినే తర్వాత మన ఘటం విక్కు వినాయక్‌రామ్ గారితో, జాకిర్ హుస్సేన్ గారితో కలిసి శక్తి బృందం పెట్టాడు. కాబట్టి ఇదంతా ఎక్కడో పరాయి దేశపు గొడవ అనుకోనక్కర్లేదు. దారాలు ఎటుపట్టి లాగినా మద్రాసు దాకా వస్తాయి.

బేస్ దొరికాక డ్రమ్స్. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే లోఫైకీ అసలు సరుక్కీ తేడా ఉన్నది ఇక్కడే.

చేత్తో టేబుల్ మీద కొడుతూ "తక తక తక తక" అనండి. రెండు అక్షరాల మధ్యా దూరం సమానం. ఇప్పుడు "తకిట తకిట" అనండి. అలా అంటూ అంటూ మధ్యలో 'కి'ని మింగెయ్యండి. "త-ట త-ట" మిగులుతుంది, కుంటుతూ నడిచినట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. జాజ్‌వాళ్ళు స్వింగ్ అనేది ఈ కుంటు నడకనే. మొదటిది చతురశ్రం, రెండోది తిస్రం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇందులో వింతేం లేదు. వింత ఏమిటంటే, ఈ రెంటికీ మధ్య బోలెడు జాగా ఉంది. రోజర్ లిన్ అనే ఆయన తయారుచేసిన ఎంపీసీ 60 అనే అకాయ్ కంపెనీ మెషిన్ 1988లో వచ్చింది. వేళ్ళతో మీటలు కొట్టి దరువు కట్టే పెట్టె అది. అందులో స్వింగ్‌కి అంకెలున్నాయి. 50 అంటే పూర్తిగా "తక తక". 66 అంటే పూర్తిగా "త-ట". మధ్యలో 54, 58, 62 పెట్టుకోవచ్చు. చతురశ్రం కాదు, తిస్రం కాదు, రెంటికీ మధ్య వేలాడే నడక. మీ తల ఊగేది ఆ వేలాట వల్లే.

డెట్రాయిట్‌కు చెందిన జే డిల్లా అని ఒకడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ మెషిన్‌లో వేలు అటూ ఇటూ పడితే సరిదిద్దే సదుపాయం ఒకటుంది, దాని పేరే టైమింగ్ కరెక్ట్. అతను ఆ సరిదిద్దుడుకు లొంగకుండా దెబ్బల్ని కావాలనే కాస్త అటూ ఇటూ ఉంచేవాడు. ఒక దెబ్బ వెంట్రుకవాసి ముందు, ఇంకోటి వెంట్రుకవాసి వెనక. మొదటిసారి వింటే లయ తప్పిందనిపిస్తుంది. నాలుగోసారికి, తప్పనివన్నీ బిగుసుకుపోయినట్టు అనిపిస్తాయి. అతను వాడిన ఎంపీసీ 3000 (అదే మెషిన్ తర్వాతి మోడల్) ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. డోనట్స్ అనే ఆల్బమ్ 2006 ఫిబ్రవరి 7న, తన పుట్టినరోజునే విడుదలైంది, మూడు రోజులకి చనిపోయాడు. ముప్ఫై రెండేళ్ళు. జపాన్‌లో నుజాబెస్ అని ఇంకొకడు సరిగ్గా అదే రోజున, 1974 ఫిబ్రవరి 7న పుట్టాడు. జాజ్ పియానో ముక్కల కింద హిప్-హాప్ దరువు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. అతనూ 2010లో పోయాడు. మీరు పెట్టుకుంటున్న లోఫై బీట్స్ అన్నీ ఈ ఇద్దరి ఇంటి అరుగు మీద పుట్టినవే. నుజాబెస్ మోడల్ సోల్ (2005) ఒకసారి పూర్తిగా వినండి, యూట్యూబ్ లోఫైలో ఏది పలచబడిందో తెలుస్తుంది. చిక్కటి ఫిల్టర్ కాఫీకీ, అదే డికాక్షన్‌లో రెండోసారి నీళ్ళు పోసి తీసిన కాఫీకీ ఉన్నంత తేడా.

అసలు ఒక ముక్కనే తిప్పి తిప్పి వాడటం ఎందుకు, కొత్తగా వాయించుకోవచ్చుగా అని మీకు అనిపించి ఉంటుంది. కొంత రుచి, కొంత గతిలేకపోవడం. 1987లో వచ్చిన ఎస్పీ 1200 అనే మెషిన్‌లో మొత్తం పది సెకన్ల శబ్దం మాత్రమే పట్టేది. పది సెకన్లంటే పది సెకన్లే, మొత్తం పాటకి. దానికి కుర్రాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. 33 స్పీడులో తిరగాల్సిన రికార్డును 45లో తిప్పి, కీచుగా వచ్చే శబ్దాన్ని తక్కువ జాగాలో ఎక్కించి, మెషిన్‌లో మళ్ళీ స్పీడు తగ్గించేవారు. అలా తగ్గించినప్పుడు శబ్దానికి ఇసుక రాసినట్టు ఒక గరుకు వచ్చేది. ఆ గరుకే అందరికీ నచ్చేసింది. ఇవాళ ఎంత జాగా కావాలంటే అంత ఉన్నా, ఆ గరుకు తెప్పించడానికి విడిగా సాఫ్ట్‌వేర్ కొంటున్నారు.

పోర్టిస్‌హెడ్‌వాళ్ళు మరీ ఘనులు. ముక్కలు తామే స్టూడియోలో వాయించి, వాటిని రికార్డులుగా ముద్రించి, ఆ రికార్డుల్ని నేల మీద పడేసి తొక్కి, గీతలు పడ్డాక మళ్ళీ వాటిలోంచి శాంపిల్, అంటే వాడుకునే ముక్క, తీసుకున్నారు. మా నాన్నగారు రికార్డును అంచులు పట్టుకుని, ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టేవారు. ఈ సంగతి ఆయనకి చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పూర్తిగా పాత రికార్డుల ముక్కలతోనే కట్టిన మొదటి ఆల్బమ్‌గా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది డీజే షాడో చేసిన ఎండ్‌ట్రొడ్యూసింగ్, 1996. అతనిది కాలిఫోర్నియా. ఆల్బమ్ అట్ట మీద బొమ్మ కూడా పాత రికార్డుల కొట్టుదే. అవెన్యూ రోడ్డు పుస్తకాల కొట్లలో దుమ్ములో కూర్చుని వెతికే అలవాటు మీకుంటే ఆ బొమ్మ చూడగానే చుట్టరికం కలుస్తుంది.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఇలా కోసుకొచ్చిన ముక్కల వెనక మనుషులున్నారు. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969లో ఫంకీ డ్రమ్మర్ అనే పాట మధ్యలో కొన్ని సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ కొన్ని సెకన్లు వందల పాటల్లో తిరిగాయి. ఆయన పేరు పాట రాసినవాళ్ళలో లేదు కాబట్టి రాయల్టీ రాలేదు. ఫంక్ అంటే ఏమిటో తెలియాలంటే ఆ పాట వింటే చాలు. ఎన్ని వాయిద్యాలు ఎటు చెదిరినా ప్రతి ఆవర్తంలో మొదటి దెబ్బ దగ్గర అందరూ వచ్చి కలుస్తారు. జేమ్స్ బ్రౌన్ దాన్ని 'ది వన్' అనేవాడు. మన కచేరీల్లో తనియావర్తనం అయ్యాక సమానికి వచ్చి కలిసినప్పుడు జనం తొడ మీద కొట్టుకుంటారే, ఆ సుఖం ఇక్కడ ప్రతి రెండు మూడు సెకన్లకీ ఒకసారి.

1991 చివర్లో న్యూయార్క్‌లో ఒక జడ్జి అనుమతి లేని శాంపిల్ దొంగతనం కిందికే వస్తుందని తీర్పిచ్చాక ముక్కలకి డబ్బు కట్టాల్సి వచ్చింది. వాయించేవాళ్ళను కూర్చోబెట్టుకోవడం కూడా ఒక దారి అయింది. జేసన్ స్విన్‌స్కో నడిపే సినిమాటిక్ ఆర్కెస్ట్రా ఆ దారిలోదే. వాళ్ళ ఎవ్రీ డే (2002) రాత్రి భోజనం అయ్యాక వినండి. నిలువు బేస్, అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించేది, దాని తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తుంది. బొనోబో అనే సైమన్ గ్రీన్‌ని ఇప్పుడు మళ్ళీ అందుకోండి. మీకు చెప్పినవాళ్ళు బహుశా కొత్త ఆల్బమ్‌లు చెప్పి ఉంటారు. బ్లాక్ శాండ్స్ (2010) నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి. లీడ్స్ ఊరికి చెందిన నైట్‌మేర్స్ ఆన్ వాక్స్ చేసిన స్మోకర్స్ డిలైట్ (1995) ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తర్వాత. వియన్నాలో ఇద్దరు, క్రూడర్, డార్ఫ్‌మైస్టర్, ఇతరుల పాటల్ని విప్పి మళ్ళీ కుట్టిన కె అండ్ డి సెషన్స్ (1998) రెండు సీడీల పొడుగు. అది మాత్రం దారి ప్రయాణానికి. హోసూరు దాటాక పెట్టండి, కృష్ణగిరి వచ్చిందాకా ఆపబుద్ధి కాదు.

ట్రిప్-హాప్, లౌంజ్, చిల్-అవుట్ అని లేబుళ్ళు చాలా చూస్తారు. పట్టించుకోకండి. ట్రిప్-హాప్ అన్న మాట 1994లో ఒక బ్రిటిష్ పత్రిక వాడింది, బ్రిస్టల్‌వాళ్ళకే ఆ పేరు నచ్చలేదు. లౌంజ్ అన్న పేరుతో హోటల్ లాబీల్లో వచ్చే సంగీతానికి మాత్రం దూరంగా ఉండండి. తబలా ముక్క ఒకటి, సితార్ ముక్క ఒకటి, కింద ఒకే రకం దరువు. అగరుబత్తి ప్యాకెట్ మీద సీనరీ లాంటిది అది. తబలాతో ఇలాంటిది నిజంగా వినాలంటే తల్విన్ సింగ్ చేసిన ఓకే అనే ఆల్బమ్ (1998) ఉంది, దానికి ఇంగ్లండ్‌లో మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. అయితే అది కొన్నిచోట్ల చాలా వేగం, కూర్చుని వినే రకం కాదు.

ఇక హెడ్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్ మీద ఈ సంగీతం వినకండి, దయచేసి. బేస్ గిటారు అన్నిటికన్నా కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్ 200 కిందికి దిగితే దాదాపు ఏమీ పలకదు. అంటే మీరు ఇంటివాళ్ళను బయటికి పంపేసి చుట్టాలతో మాట్లాడుతున్నారన్నమాట. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ అయినా చాలు, చెవిలో గట్టిగా కూర్చోవాలి అంతే. రబ్బరు సరిపోకపోతే సందులోంచి ముందు పారిపోయేది బేసే. డబ్బాతో వచ్చిన మూడు సైజుల రబ్బర్లూ మార్చి చూడండి, ఒక్కో చెవికి ఒక్కో సైజు పట్టినా ఆశ్చర్యపోకండి. నా ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి మధ్యది. ఖరీదైనవి కొనేముందు ఈ పని చెయ్యండి. ఇంకొకటి, మరీ చిన్న వాల్యూమ్‌లో మన చెవికే బేస్ సరిగ్గా వినపడదు. అది చెవి స్వభావం, 1930ల్లోనే కొలిచి తేల్చారు. పాత యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ అని బటన్ ఉండేది అందుకే. సిల్క్ బోర్డు వైపు 500డి బస్సులో వినడం కూడా దండగ. ఇంజన్ మోతా బేసూ ఒకేచోట పోట్లాడుకుంటాయి, ఇంజనే గెలుస్తుంది.

ఇంట్లో స్పీకర్లు పెట్టుకుంటే గది మూలల్లో పెట్టకండి. మూలలో బేస్ ఉబ్బిపోయి అన్ని స్వరాలూ ఒకే "బూమ్"గా కలిసిపోతాయి, మెట్లు కనపడవు. మన ఫ్లాట్లలో నేల టైల్స్, ఖాళీ గోడలు. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని మోగితే మందపాటి కర్టెన్లు, ఒక బొంతో పరుపో గోడవారగా ఉంటే సగం రోగం కుదురుతుంది. 2009లో కగ్గదాసపురలో అద్దెకున్నప్పుడు నాకిదేం తెలియదు. స్పీకర్లు మూలలో, ఇనప బీరువా పక్కన పెట్టి, సేఫ్ ఫ్రమ్ హార్మ్ తిప్పి తిప్పి వింటున్నాను. ఒక స్వరం దగ్గరికి వచ్చేసరికి బీరువా తలుపు జుయ్యిమనేది. అరగంటకి కింద ఉండే ఇంటి ఓనర్ ఆంటీ తలుపు తట్టారు. కోప్పడతారని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ లోపలికి తొంగి చూసి, "మోటర్ ఆఫ్ మాడిల్వా?" అన్నారు. బోరు మోటారు ఆపడం మర్చిపోయాననీ, ట్యాంకు పొంగిపోతుందనీ ఆవిడ కంగారు. పాట ఆపాను. మోటారు ఆగింది. ఆవిడ తృప్తిగా కిందికి దిగిపోయారు. మర్నాడు స్పీకర్లు గోడకి రెండడుగుల దూరం జరిపాను.

బయట వినాలంటే, మీకు దగ్గర్లోనే వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ అనే పబ్బు ఉంది. జాజ్ వాయించేవాళ్ళను ఎదురుగా కూర్చుని చూడొచ్చు. టికెట్, తిండి కలిపితే జేబుకి చిల్లే, కానీ ఒక్కసారి వెళ్ళండి. గాయకుణ్ణి చూడకండి, బేస్ వాయించే మనిషి ఎడమచేతి వేళ్ళు చూడండి. ఇందిరానగర్‌లో హమ్మింగ్ ట్రీ అని మంచి చోటు ఉండేది, 2019లో మూసేశారు. ఆ బాధ నాకింకా ఉంది.

చివరగా ఒక జాగ్రత్త. ఇలా బేస్ వెంటపడి వినడం అలవాటైతే ఆ అలవాటు ఈ సంగీతం దగ్గర ఆగదు. పాత ఇళయరాజా పాటలకి తిరిగి వెళ్తారు. అక్కడ బేస్ గిటారు పల్లవికి సమానంగా తన పాట తాను పాడుకుంటూ ఉంటుంది, ఇన్నేళ్ళూ మనం పట్టించుకోలేదంతే. ఎమ్.ఐ.ఏ. అనే లండన్ గాయని 2007లో మన దళపతి సినిమాలోని ఆయన పాట ముక్కను ఊరికే కోసుకుపోలేదు. ఇప్పుడు కారులో ఆయన పాట వస్తే మా ఆవిడ పల్లవి పాడుతుంది, నేను పక్కన "డుమ్ డుడుమ్" అని బేస్ పాడతాను. రెండో చరణం వచ్చేసరికి "మీరు కాసేపు ఊరుకుంటారా, పాట వినపడట్లేదు" అంటుంది.